పెనం కింద కాపురం: ఎంవీపీ కాలనీలో ఒక పాత మేడకు చేసిన మరమ్మతు

2023 మే నెలలో విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన అడిగినవి రెండే. పడకగదికి రెండు టన్నుల ఏసీ సరిపోతుందా? డాబా మీద అయిదు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే బిల్లు సున్నా అవుతుందా? రెండింటికీ కొటేషన్లు అప్పటికే తెప్పించుకున్నారు. "మీరొకసారి చూసి సరే అంటే అడ్వాన్స్ ఇచ్చేస్తాను బాబూ" అన్నారు.

మధ్యాహ్నం రమ్మంటే, రాత్రి తొమ్మిదింటికి వస్తానన్నాను. మిట్టమధ్యాహ్నం ఏ ఇల్లయినా వేడిగానే ఉంటుంది. పొద్దుగూకి రెండున్నర గంటలైనా ఉడుకుతోందంటే ఆ వేడి ఎక్కడో దాక్కుని ఉన్నట్టు. దాన్ని పట్టుకోవాలంటే రాత్రే వెళ్లాలి.

ఇల్లు రెండొందల గజాల స్థలంలో తూర్పు ముఖంగా ఉంది. కింది అంతస్తు 1986 నాటిది, పై అంతస్తు 1999లో వేశారు. కింద అద్దెకిచ్చి, పైన 1,150 చదరపు అడుగుల్లో దంపతులిద్దరే ఉంటున్నారు. గోడలు తొమ్మిదంగుళాల ఇటుక, స్లాబు అయిదంగుళాలు. దాని మీద ఇటుక జల్లీ సున్నం కలిపి వేసిన మూడంగుళాల పొర. వాన నీరు కారుతోందని మూడేళ్ల కింద ఎవరో దాని మీద నల్లటి తారు పూత పూసి వెళ్లారు. పడమటి పక్క ఒకప్పుడు పెద్ద బాదం చెట్టు ఉండేదట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అది పడిపోయింది. "ఆ చెట్టు పోయిన కాణ్ణుంచి ఈ గది మాడిపోతోంది. రాత్రి పదైనా పెనం కింద పడుకున్నట్టుంటాది నాయనా" అన్నారు ఆ ఇంటావిడ. నేను తర్వాత మీటర్లతో తేల్చిన విషయం ఆవిడ ఆ ఒక్క మాటలో చెప్పేశారు.

ఆ రాత్రి బయట 31 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. పడకగదిలో 34. గురిపెట్టి కొలిచే థర్మామీటరుతో స్లాబు అడుగు చూస్తే 39. ఫ్యాన్ తిరుగుతోంది గానీ, స్లాబుకు ఆనుకున్న వేడిగాలినే మంచం మీదికి తోస్తోంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి డాబా ఎక్కి చూస్తే తారు పూత మీద 63 డిగ్రీలు. చెప్పుల్లోంచి కాలుతోంది.

మన ఊరి సూర్యుడి గురించి ఇక్కడ ఒక మాట. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో దక్షిణ గోడకు తగిలే ఎండ దాదాపు ఏమీ ఉండదు. దెబ్బంతా స్లాబు తింటుంది, తర్వాత పడమటి గోడ. దక్షిణ కిటికీలకు ఖరీదైన ఫిల్ములు అంటించి, స్లాబును అలాగే వదిలేసిన ఇళ్లు ఎన్నో చూశాను.

బిల్లు చూద్దాం. ఆ నెల 620 యూనిట్లు. ప్లగ్గులో పెట్టే మీటరుతో వారం రోజులు ఒక్కో వస్తువూ కొలిచి నెలకు లెక్కగట్టాను. రెండు పాత ఏసీలూ కలిపి 290, ఆరు ఫ్యాన్లు 175, ఫ్రిజ్ 93, మిగతావన్నీ 62. ఫ్రిజ్ తలుపు రబ్బరు చిరిగిపోయి ఉంది. సందులో పెట్టిన కాగితం జారి కింద పడింది. రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతున్న ఆ పాత పెట్టె మీద ఎవరికీ అనుమానం రాలేదు. తిట్లన్నీ ఏసీకే.

మన దగ్గర కరెంటు రేట్లు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఈ ఇంటి బిల్లులో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఆ లెక్కన 620 యూనిట్లకు ఎనర్జీ చార్జీలే 4,693 రూపాయలు. ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, తగ్గించే ప్రతి యూనిట్టూ పై మెట్టు నుంచే తగ్గుతుంది. అందుకే ఆదా లెక్కలో సగటు రేటు వాడకూడదు.

ఏసీకి గానీ సోలార్‌కి గానీ అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

తేలిక పని ముందు

జూన్‌లోనే ఆరు ఫ్యాన్లూ తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారువి బిగించాం. పాతవి 75 వాట్లు, ఇవి 30. పాత రెగ్యులేటర్లు తీసేసి వైరు నేరుగా కలపాలి, వీటికి స్పీడు రిమోట్‌తోనే. ఎలక్ట్రీషియన్ రెండు చోట్ల రెగ్యులేటర్ అలాగే ఉంచేస్తే ఫ్యాన్లు గుర్రుమన్నాయి. ఫ్రిజ్ మార్చాం, 93 యూనిట్లు 28కి దిగాయి. ఈ రెండు పనులూ కలిపి 45,600 రూపాయలు, నెలకు 170 యూనిట్ల తగ్గుదల. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. ఇలాంటి పనులకు ఫొటోలు తీసి గోడకు పెట్టుకోలేం గానీ, డబ్బు వెనక్కొచ్చేది వీటితోనే.

స్లాబు

అసలు పని 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. వానలుండవు, ఎండ ముదరదు, సిమెంటు పనికి నీళ్లు పెట్టుకోవడానికి వీలుంటుంది.

వేడి తగ్గించే ముందు ఆ స్లాబు బతికుందో లేదో చూడాలి. ఇంటికీ సముద్రానికీ కిలోమీటరున్నర దూరం. ఉప్పుగాలి పగుళ్లలోంచి దూరి లోపలి చువ్వలను తినేస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది, అదే పెచ్చులుగా రాలుతుంది. చిన్న సుత్తితో అడుగు భాగమంతా తట్టుకుంటూ వెళ్లాం. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీశాం. పడకగది, వంటగది కలిపి పదకొండు చోట్లు తేలాయి. అన్నీ చెక్కి, చువ్వలను వైరు బ్రష్‌తో రుద్ది, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాం. దీనికే పన్నెండు రోజులు పట్టింది. ఇది వదిలేసి పైన ఎంత ఖరీదైన సరుకు వేసినా శవానికి పట్టుచీర కట్టినట్టే.

తర్వాత పైనున్న తారు పూత, సున్నపు పొర మొత్తం తీసేశాం. స్లాబు కడిగి, తూముల వైపు వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాం. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా దాన్ని తిప్పాం. కురిసేది ఎక్కువగా ఆ మూలలోనే. డాబా మీద నాలుగంగుళాలు నీళ్లు కట్టి మూడు రోజులు ఉంచాం. రెండో రోజు ఒక తూము పక్కన చెమ్మ కనిపించింది. మళ్లీ విప్పి, మళ్లీ పూసి, మళ్లీ నీళ్లు కట్టాం.

ఆ పూత మీద వేడిని ఆపే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డులు పరిచాం. థర్మాకోల్‌కు దగ్గర చుట్టమే గానీ గట్టిది, నీరు పీల్చదు. మొదటి లోడు దిగినప్పుడు గోటితో గీకితే తెల్ల పూసలు రాలాయి. పంపింది మామూలు థర్మాకోలే, రంగు కలిపారంతే! వెనక్కి పంపేశాం, నాలుగు రోజులు పోయాయి. ఈ పని చేయించుకునేవాళ్లు ఎవరైనా బోర్డు మూల విరిచి చూడండి. పూసలు పూసలుగా విరిగితే అది మీరు కొన్న సరుకు కాదు.

మా మేస్త్రీకి ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. "ఏటి బాబూ ఇది, స్లాబు మీద థర్మాకోలా? గాలొత్తే ఎగిరిపోద్ది" అన్నాడు. హుద్‌హుద్ చూసినవాడు, అతని భయం న్యాయమైనదే. అందుకే బోర్డుల మీద ఇనుప జాలీతో ఒకటిన్నర అంగుళం కాంక్రీటు వేసి, రెండున్నర మీటర్లకొక జాయింట్ వదిలి, పైన తెల్ల టైల్స్ పరిచాం. తీసేసిన సున్నపు పొర బరువూ కొత్తగా వేసినదాని బరువూ ఇంచుమించు సమానమే, చదరపు మీటరుకు 130 కిలోల దగ్గర. పాత స్లాబు మీద కొత్త బరువు పెట్టకూడదని ఈ లెక్క ముందే వేసుకున్నాం.

ఇంత ఖర్చు ఎందుకు, తెల్ల పెయింట్ వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. చేతిలో డబ్బు తక్కువుంటే పెయింటే వేయండి, పెట్టిన రూపాయికి దానంత ఫలితం ఇంకేదీ ఇవ్వదు. కానీ మన ఊళ్లో అది తెల్లగా నిలవదు. పోర్టు దగ్గరి వార్డుల్లో బొగ్గు దుమ్ము, వానాకాలం నాచు. ఏటా వేసవికి ముందు కడగాలి, మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఈ ఇంట్లో ఎలాగూ వాటర్‌ప్రూఫింగ్ మొత్తం విప్పాల్సి వచ్చింది కాబట్టి ఒకేసారి బోర్డులు కూడా వేశాం. అంకెల్లో చెప్పాలంటే, ఒట్టి స్లాబు చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు మూడున్నర వాట్ల దాకా వేడిని లోపలికి పంపుతుంది. బోర్డులు పడ్డాక అది అర వాటు దగ్గరికి వస్తుంది. కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహితలో కొత్త ఇళ్ల పైకప్పుకు పెట్టిన హద్దు 1.2 వాట్లు.

బోర్డులు స్లాబు పైనే వేయాలి, కింద కాదు. కింద ఫాల్స్ సీలింగ్‌లో థర్మాకోల్ దూర్చితే గదికి కాస్త ఉపశమనం ఉంటుంది గానీ, స్లాబు ఎండకు ఉబ్బడం, రాత్రికి ముడుచుకోవడం అలాగే సాగుతుంది. పగుళ్లు పెరుగుతాయి, చువ్వల తుప్పు సీలింగ్ వెనక కనబడకుండా ముదురుతుంది.

మేలో మళ్లీ రాత్రి తొమ్మిదింటికి వెళ్లాను. బయట 31. స్లాబు అడుగు 33. ఆవిడ కుర్చీ ఎక్కి చెయ్యి ఆనించి చూసి, "చల్లగా ఉన్నాది" అన్నారు. 33 చల్లదనం కాదు. 39తో పదేళ్లు వేగినవాళ్లకు అది చల్లదనమే.

ఒక చిక్కు కూడా చెప్పాలి. ఇలా కప్పేసిన స్లాబు లోపలి వేడిని కూడా పైకి పోనివ్వదు. కాబట్టి సాయంత్రం కిటికీలు తీసి దక్షిణపు గాలిని రానివ్వాలి. అలాగని మన మే రాత్రుళ్ల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు, 27, 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అనంతపురం వైపు పొడిగాలిలో ఎయిర్ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ అదే కూలర్ ఉక్కపోతను రెట్టింపు చేస్తుంది. విశాఖలో ఎండతో పని సగమే, మిగతా సగం తేమతో. ఆ సంగతి నాకు బాగా తెలుసనుకున్నాను.

పడమటి గోడ

బాదం చెట్టు చేసిన పనిని అల్యూమినియం రెక్కలతో చేయించాం. గోడకు అడుగు దూరంలో ఫ్రేము, అందులో వంచిన రెక్కలు, గోడకూ వాటికీ మధ్య గాలి ఆడుతుంది. కిటికీ పైనున్న సన్‌షేడ్ పడమటి ఎండను ఆపలేదు, సాయంత్రం ఎండ ఏటవాలుగా దాని కిందనుంచి వస్తుంది. లోపల కర్టెన్ వేస్తే, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉంటుంది. ఎండను అద్దం బయటే ఆపాలి. ఫ్రేము ఆటోనగర్‌లో చేయించాం, బోల్టులు స్టెయిన్‌లెస్‌వి. తుఫాను హెచ్చరిక వస్తే అరగంటలో విప్పి లోపల పెట్టుకునేలా ఉండాలన్నది నా షరతు. కింద గోడవారగా ఒక కానుగ మొక్క నాటాం.

నేను చేసిన తప్పు

జులైలో పాత విండో ఏసీ మొరాయించింది. షాపువాళ్లు పై అంతస్తు కాబట్టి రెండు టన్నులే కావాలన్నారు. కొత్త స్లాబుతో లెక్క వేస్తే 160 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు. పెద్ద ఏసీ గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలోని తేమను పిండడానికి దానికి టైము చాలదు. చల్లగా ఉంటుంది, జిగట పోదు. అయిదు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ ఒక టన్నుది పెట్టించాం, బయటి యూనిట్ ఉత్తరపు నీడలో.

అక్కడిదాకా బాగానే ఉంది. చల్లదనం బయటికి పోకూడదని గదిని బిగించాలనుకున్నాను. ఏసీ ఆపి, సాంబ్రాణి పొగ పెట్టి, పొగ ఎటు లాగుతుందో చూసి ఒక్కో సందూ పట్టుకున్నాను. కిటికీ రెక్కలకు రబ్బరు, తలుపు కింద బ్రష్, వెంటిలేటర్ పూర్తిగా మూత. చలి దేశాల వాళ్లు చేసే పనిని చూసి ముచ్చటపడి చేసిన పని ఇది. దానికి తోడు పడమటి గోడ లోపలివైపు వినైల్ వాల్‌పేపర్ అంటిస్తామని ఇంటివాళ్లు అడిగితే, సరే అన్నాను.

ఆగస్టు చివర్లో ఫోన్. గదిలో ముక్కవాసన, పొద్దున్న లేస్తే తలనొప్పి. వెళ్లి బీరువా జరిపి చూస్తే గోడంతా నల్లటి బూజు. వాల్‌పేపర్ అంచు లాగితే దాని వెనక కూడా అదే. ఇంకో గోడకు అటువైపున్న పూజగదిలో సున్నం మీద నీటి చుక్కలు.

జరిగింది ఇది. ఊరు నుంచి అబ్బాయి వచ్చి పది రోజులు ఏసీ 18లో పెట్టుకున్నాడు. ఆగస్టులో మన గాలి ఎంత తడిగా ఉంటుందంటే, 25 డిగ్రీలకు తగ్గిన ఏ వస్తువు మీదైనా తేమ నీరవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు. గది గోడ చల్లబడింది, అటువైపు పూజగది గాలి దాని మీద చెమర్చింది. ఇక పడమటి గోడ. వానకు తడిసిన ఇటుకలోని చెమ్మ, చల్లగా పొడిగా ఉన్న లోపలివైపు ప్రయాణిస్తుంది. అక్కడ వినైల్ కాగితం దాన్ని ఆపేసింది. చలి దేశాల్లో తేమ లోపలి నుంచి బయటికి వెళ్తుంది కాబట్టి అడ్డుపొర లోపలివైపు వేస్తారు. మన తీరంలో ఏసీ గదికి ఆ దిశ తిరగబడుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, మనుషులు అడిగారని తలూపాను. తలనొప్పి సంగతి మరీ మామూలుది: మూసిన గదిలో ముగ్గురు పడుకుంటే రాత్రంతా పీల్చింది ఒకే గాలి.

వాల్‌పేపర్ పీకేశాం. బూజు గీకి, కడిగి, ఆరబెట్టి, గాలాడే సున్నపు పూత వేశాం. బయటి గోడ పగుళ్లు పూడ్చి, నీరు అంటని సిలికాన్ పూత పూశాం. వెంటిలేటర్‌లో మూతతో నియంత్రించుకునే చిన్న సందు తెరిచాం, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్‌కు టైమర్ పెట్టాం, బీరువాను గోడకు మూడంగుళాలు ఎడంగా జరిపాం. ఏసీ 26 కంటే తగ్గించొద్దని, దాంతోపాటు ఫ్యాన్ వేసుకోమని చెప్పాను. 22,000 అయింది, అది నా జేబులోంచే పెట్టుకున్నాను. తర్వాతి వానాకాలమంతా ఆ గదిలో తేమ మీటరు ఉంచాను, ఏసీ నడిచే వేళ 60 శాతం దాటలేదు, బూజు తిరిగి రాలేదు.

చివరికి సోలార్

2024 డిసెంబరులో రెండు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాం. వాటి స్తంభాలకు దిమ్మెలు ఫిబ్రవరిలోనే, వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే పోసి ఉంచాం. లేకపోతే కొత్త డాబాకు రంధ్రాలు వేయాల్సి వచ్చేది. పీఎం సూర్య ఘర్ కింద రెండు కిలోవాట్లకు 60,000 సబ్సిడీ వచ్చింది, చేతి నుంచి పడింది 70,000. ఆ పథకంలో మూడు కిలోవాట్లు దాటితే సబ్సిడీ 78,000 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి అయిదు కిలోవాట్లకు వెళ్లి ఉంటే అదనపు ఖర్చంతా ఆయనదే.

2025 మేలో ఇంటి వాడకం 330 యూనిట్లు: ఏసీలు 170, ఫ్యాన్లు 70, ఫ్రిజ్ 28, మిగతావి ఎప్పటిలాగే 62. సోలార్ లేకపోయినా ఎనర్జీ చార్జీ 1,936 రూపాయలు అయ్యేది. యూనిట్లు సగానికి కాస్త ఎక్కువే మిగిలినా డబ్బు సగం కంటే బాగా తగ్గింది, ముందు చెప్పిన మెట్ల మహిమ. సోలార్ 245 యూనిట్లు ఇచ్చింది. నికరంగా పడినవి 85, వాటికి ఎనర్జీ చార్జీ 237.

ఈ అంకెలను నిజాయితీగా చదవాలి. తగ్గిన 290 యూనిట్లలో 170 ఫ్యాన్లూ ఫ్రిజ్జూ తగ్గించినవే. మూడు లక్షల అయిదు వేలు మింగిన స్లాబు యూనిట్ల లెక్కలో వెనకబడింది. కారణముంది. ముందు బిల్లు భయంతో ఒక గదిలోనే, తెల్లవారుజామున ఆపేసుకుంటూ పడుకునేవారు. ఇప్పుడు తెల్లారేదాకా వేసుకుంటున్నారు, చుట్టాలొస్తే రెండో గదిలో కూడా. ఆదా అవ్వాల్సిన కరెంటులో కొంత నిద్రగా మారింది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. కానీ స్లాబు పనిని "ఇన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది" అని అమ్మేవాళ్లను నమ్మకండి. ఆ మూడు లక్షల్లో 1,65,000 రిపేరుకూ వాటర్‌ప్రూఫింగ్‌కూ అయింది, అది ఎలాగూ తప్పని ఖర్చు. వేడి కోసం అదనంగా పెట్టింది 1,40,000. రెక్కలకు 46,000, ఏసీకి 38,000. సోలార్‌తో సహా మొత్తం అయిదు లక్షలు దాటింది.

మొన్న ఆయన నన్ను సరదాగా నిలదీశారు. "నేను మొదట అన్నట్టు అయిదు కిలోవాట్లు పెట్టినా బిల్లు సున్నాకే వచ్చేది కదా బాబూ?" వచ్చేది. ఆ ప్యానెళ్ల కింద పదకొండు చోట్ల డొల్లబారిన స్లాబు అలాగే ఉండేది, దాన్ని బాగుచేయాలంటే మొత్తం విప్పాల్సి వచ్చేది, రెండు టన్నుల ఏసీ రాత్రంతా ఆ పెనంతో కుస్తీ పట్టేది. ఆయన తల పంకించి, వంటగది సంగతి ఎత్తారు. అక్కడ పడమటి ఎండను ఆపడానికి మేం ఏమీ చేయలేదు. పడమటి కిటికీకి రెక్కలు పెడదామంటే, రోడ్డు కనబడదని ఆవిడ ఒప్పుకోలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ గది ఇప్పటికీ 36 డిగ్రీలు. కానుగ మొక్క కింది అంతస్తు కిటికీ దాకా పెరిగింది, పై వంటగది ఎత్తుకు రావాలంటే ఇంకో నాలుగైదేళ్లు పడుతుంది.